కప్పేయకముందే చూడాలి: కొల్లేటి నేలలో ఇల్లు కట్టేవారికి

కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడికి వెళ్లే దారికి రెండు పక్కలా నీళ్లే. చేపల చెరువులు, వాటి మధ్య గట్లు, అక్కడక్కడా కాస్త మెరక, ఆ మెరక మీద ఒకదాన్నొకటి ఆనుకుని ఇళ్లు. ఇంత ఇరుకుగా ఎందుకు కట్టుకున్నారని కొత్తగా వచ్చినవాళ్లు అడుగుతుంటారు. నీటికి అందని నేల ఆ కాస్తే మరి. తరతరాలుగా చుట్టూ మట్టి తవ్వి పోసుకుంటూ ఆ లంకలను నిలబెట్టుకున్నారు. జమ్ము, కిక్కిస, తాటాకు కప్పుల కింద కాపురాలు చేశారు. వరదొస్తే ఇల్లు దెబ్బతినేది. నీరు తీశాక నాలుగు వాసాలు, కాసిని తాటాకు మోపులతో మళ్లీ లేచేది.

ఇప్పుడు అదే నేల మీద స్లాబు ఇళ్లు లేస్తున్నాయి. వీటికి ఆ వెసులుబాటు లేదు. పునాది కుంగినా, లోపల ఇనుము తుప్పు పట్టినా విప్పి మళ్లీ వేసుకోవడం కుదరదు.

కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న కొల్లేటికి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు నీళ్లు తెస్తాయి. వాటితో పాటు లెక్కలేనన్ని డ్రెయిన్లు. బయటికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు విజయవాడను ముంచిన సంగతి అందరికీ గుర్తే. ఆ నీరు తర్వాత కొల్లేటికే వచ్చింది. మండవల్లి, కైకలూరు మండలాల్లోని లంక గ్రామాల దారులు మునిగి, రోజుల తరబడి జనానికి పడవలే దిక్కయ్యాయి. ఏలూరుకు తమ్మిలేరు బెడద ఉంది. ఊరి దగ్గర రెండు పాయలుగా చీలి అటూ ఇటూ పారే ఆ ఏరు 2020 అక్టోబరులో పల్లపు పేటల్లోకి వచ్చేసింది. తాడేపల్లిగూడెం వైపు ఎర్రకాలువ వంతు. 2024 జులైలో అది పొంగి చుట్టుపక్కల పొలాలను ముంచింది.

ఇలాంటి చోట ఇల్లు కట్టేవాళ్లు ఎక్కడ పొరపడుతున్నారో గమనిస్తే ఒక సంగతి స్పష్టంగా తెలుస్తుంది. శ్రద్ధంతా కంటికి కనిపించే వాటి మీదే పోతోంది. టైల్స్ కోసం విజయవాడ దాకా వెళ్లి పది షాపులు తిరుగుతారు. ముందు ఎలివేషన్ ఎలా ఉండాలో ఇంటిల్లిపాదీ కూర్చుని వాదించుకుంటారు. ఇంటిని మోసేవి మాత్రం ఏదో ఒక రోజున కనుమరుగయ్యేవే. పునాది మట్టి కింద కప్పబడిపోతుంది, ఇనుము కాంక్రీటులో, పైపులు గోడలో, వాటర్‌ప్రూఫింగ్ టైల్ కింద. ఆ కప్పే రోజున ఇంటి యజమాని చాలాసార్లు అక్కడ ఉండడు.

స్థలం దగ్గరే మొదటి పొరపాటు

చౌకగా వస్తోందని కొల్లేటి అంచున స్థలం కొనేవాళ్లు ముందు కాంటూరు సంగతి తెలుసుకోవాలి. 1999లో ప్రభుత్వం ఇచ్చిన 120వ నంబరు జీవోతో +5 కాంటూరు వరకు, అంటే సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్ల మేర కొల్లేరు వన్యప్రాణి అభయారణ్యం అయింది. 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో కొల్లేరు ఆపరేషన్ పేరుతో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లను పేల్చిన దృశ్యాలు ఈ ప్రాంతంలో ఎవరూ మరిచిపోలేదు. ఆ గీతకు లోపల జిరాయితీ భూములూ ఉన్నాయి, ప్రభుత్వం పంచిన డి-పట్టా (అసైన్డ్) భూములూ ఉన్నాయి. చేతిలో రిజిస్టర్డ్ దస్తావేజు ఉంది కదా అని ఇల్లు కట్టేస్తే అటవీశాఖ అనుమతి మాటేమిటి? సర్వే నంబరు పట్టుకుని రెవెన్యూ వాళ్ల దగ్గరా, అటవీశాఖ దగ్గరా విచారించాకే అడ్వాన్సు ఇవ్వాలి. అసైన్డ్ భూముల బదిలీకి 1977 నాటి చట్టం ఆంక్షలు పెట్టిందనీ, రిజిస్ట్రేషన్ చట్టంలోని 22-ఏ కింద నిషేధిత ఆస్తుల జాబితా ఒకటి ఉందనీ గుర్తుంచుకుంటే సగం చిక్కులు తప్పుతాయి. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించేటప్పుడు ఇంకో జాగ్రత్త. కొల్లేటికోట, కైకలూరు 2022 ఏప్రిల్ 4 దాకా కృష్ణా జిల్లాలో ఉండి ఆ తర్వాతే ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. పాత కాగితాల మీద పాత జిల్లా పేరే ఉంటుంది.

కాగితాల తర్వాత నీటి ఆనవాలు. పక్కింటి పాత గోడ మీద వరద చార ఎక్కడుందో చూడాలి. ఆ వీధిలో డెబ్బై ఏళ్ల మనిషిని అడిగితే ఏ తుఫానుకు నీరు ఏ గుమ్మం దాకా వచ్చిందో చెబుతారు. ఆ గుర్తుకు పైన ప్లింత్, అంటే ఇంటి నేల మట్టం, ఉండాలి. రోడ్డుకు రెండడుగులు ఎత్తు పెట్టుకున్నాం చాల్లే అనుకోవడానికి లేదు. పంచాయతీ వాళ్లు పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ రోడ్డు వేస్తారు. అలా రెండుసార్లు వేస్తే ఇంటి ముంగిలి రోడ్డుకంటే పల్లమవుతుంది. ఈ ప్రాంతంలో ఏ పాత వీధికి వెళ్లినా మెట్లు దిగి లోపలికి వెళ్లే ఇళ్లు కనిపిస్తాయి. అవన్నీ కట్టినప్పుడు మెట్లెక్కి వెళ్లిన ఇళ్లే.

నేల చెప్పేది వినకపోవడం

తాడేపల్లిగూడెం ఊరు మెట్టకూ డెల్టాకూ సరిహద్దులో ఉంది. ఉత్తరాన ఎర్రనేల, దక్షిణాన దిగేకొద్దీ నల్లటి బంకమన్ను. ఒకే మేస్త్రీ రెండు చోట్లా పని చేస్తాడు. ఎర్రనేలలో నాలుగున్నర అడుగుల గోతిలో వేసిన ఫుటింగ్ నిక్షేపంగా నిలబడిందని నల్లనేలలోనూ అదే లోతు చాలంటాడు. అతని అనుభవం అబద్ధం కాదు, కాకపోతే అది వేరే నేల మీద వచ్చిన అనుభవం. నల్లమట్టి ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు విచ్చుతుంది, వానకు ఉబ్బుతుంది. ఏటా సాగే ఈ ఉబ్బు తగ్గుల మధ్య లోతు తక్కువ పునాది ఒక పక్క లేస్తుంది, ఇంకో పక్క దిగుతుంది. కిటికీ మూలల నుంచి ఏటవాలుగా గోడల్లో కనిపించే బీటలు చాలావరకు ఇలా పుట్టినవే. పైన పుట్టీ పెట్టి రంగేస్తే మరుసటి వేసవికి మళ్లీ కనిపిస్తాయి.

మట్టి పరీక్ష చేయించకపోవడమే అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. ఇది పొలానికి చేయించే భూసార పరీక్ష కాదు. స్థలంలో బోరు వేసి, ఒక్కో లోతులో 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి జారవిడుస్తూ, గొట్టం 30 సెంటీమీటర్లు దిగడానికి ఎన్ని దెబ్బలు పడ్డాయో లెక్కిస్తారు. మెత్తటి బంకమట్టిలో నాలుగు దెబ్బలకే దిగిపోతుంది, గట్టి నేలలో ముప్పై పడతాయి. తీసిన నమూనాలను ల్యాబులో చూసి ఆ నేల ఎంత బరువు మోస్తుందో, తడిస్తే ఎంత ఉబ్బుతుందో రాసిస్తారు. ఆ కాగితం చూశాకే ఇంజనీరు విడి ఫుటింగులా, మొత్తానికి కలిపి రాఫ్టా, లేక పైల్సా అన్నది తేలుస్తాడు. నల్లరేగడి కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధనా సంస్థ అభివృద్ధి చేసిన అండర్ రీమ్డ్ పైల్స్ ఇక్కడి వాళ్లకు కొత్తవేమీ కావు. తేమ మారని లోతు దాకా, సుమారు మూడున్నర మీటర్లు, బోరు దించి అడుగున గుండ్రంగా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పైన ప్లింత్ బీమ్‌కీ నల్లమట్టికీ మధ్య కాస్త ఖాళీ వదులుతారు. మట్టి ఉబ్బినా ఆ ఖాళీలోకే ఉబ్బుతుంది, బీమ్‌ను ఎత్తదు. ఈ ఖాళీ ఎందుకో తెలియని పనివాళ్లు దాన్ని మట్టితో కూరేసి గట్టిగా దిమ్మిస కొట్టేస్తారు. ఖర్చు పెట్టి చేయించిన ఏర్పాటంతా వృథా అవుతుంది.

కొల్లేటి చుట్టూ మరో చిక్కు పూడ్చిన చెరువులు. ఒకప్పటి చేపల చెరువును పూడ్చి, ప్లాట్లు వేసి, రాళ్లు పాతి అమ్ముతారు. కొన్నవాడికి పైన చదునైన ఎర్ర గ్రావెల్ కనిపిస్తుంది. కింద ఏముంది? చెరువు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న బురద, మేత వ్యర్థాలు, దాని మీద హడావుడిగా దింపిన మట్టి. కొత్తగా పోసిన మట్టి ఏళ్ల పాటు దిగుతూనే ఉంటుంది. పూడిక మీద ఆనించిన పునాదీ దానితో పాటే దిగుతుంది. అందుకే పునాది పూడికను దాటి అసలు నేలను అందుకోవాలి. అక్కడ ముందు చెరువు ఉండేదా అన్నది పాత శాటిలైట్ చిత్రాల్లో తెలిసిపోతుంది. ఫోన్‌లోనో, నెట్ సెంటర్‌లోనో చూసుకోవచ్చు. పక్కనే ఇంకా చెరువు నడుస్తుంటే దాని నీటిమట్టం ఇంటి ప్లింత్ కంటే ఎత్తులో ఉందేమో కూడా చూసుకోవాలి.

బేస్‌మెంట్ నింపడంలోనూ ఇదే అజాగ్రత్త. గోతుల్లోంచి తీసిన నల్లమట్టే చుట్టూ గుట్టగా ఉంది కదా అని దాన్నే గదుల్లోకి తోసేస్తారు. రెండేళ్లకు ఫ్లోరింగ్ ఉబ్బి టైల్స్ లేస్తాయి. బొండు ఇసుకో గ్రావెలో పోసి, అరడుగు నుంచి ముప్పావు అడుగు చొప్పున పొరలుగా పరిచి, ఒక్కో పొరను నీళ్లతో తడిపి దిమ్మిస వేయిస్తే నేల నిలుస్తుంది. ఒకేసారి మూడడుగులు పోసి పైన నీళ్లు పెట్టేస్తే లోపల పొర అలా వదులుగానే ఉండిపోతుంది.

ఇవన్నీ పెద్ద భవనాల సంగతులు, మామూలు ఇంటికెందుకు అనుకునేవాళ్లు ఎక్కువ. 2014 జూన్ 28న చెన్నై పోరూరు దగ్గర మౌలివాక్కంలో కడుతుండగానే 11 అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన కూలీలే. పిడుగు పడిందని కట్టినవాళ్లు చెప్పారు. నిపుణుల పరిశీలనలో డిజైన్ లోపాలు బయటపడ్డాయి. 2025 మార్చి 26న భద్రాచలంలో, పాత కట్టడం మీద అంతస్తులు లేపుతూ పోయిన ఆరంతస్తుల భవనం కూలి ఇద్దరు ప్రాణాలు కోల్పోయారు. చిన్న ఇళ్లవాళ్లకు ఈ రెండో ఉదంతమే ఎక్కువ వర్తిస్తుంది. ఒక అంతస్తుకని వేసిన పునాది మీద అద్దెలు వస్తాయని రెండోది, పిల్లాడి పెళ్లికని మూడోది లేపడం ఏలూరులోనూ, తాడేపల్లిగూడెంలోనూ జరుగుతున్నదే. పిల్లర్ల పైన ఇనుప ఊచలు వదిలేసి ఉన్నంత మాత్రాన కింద పునాదికి మోసే శక్తి ఉందని కాదు. పైన ఎన్ని అంతస్తులు వేసే ఆలోచన ఉందో మొదటి రోజే ఇంజనీరుకు చెప్పి, ఆ డ్రాయింగులు దాచుకోవాలి.

పక్కవాళ్ల పునాది సంగతీ ఇందులోనిదే. 2024 నవంబరులో హైదరాబాద్ గచ్చిబౌలి సిద్ధిక్‌నగర్‌లో పక్క స్థలంలో పునాదికి గొయ్యి తవ్వడంతో చిన్న జాగాలో లేచిన బహుళ అంతస్తుల భవనం ఒక పక్కకు ఒరిగింది. జనాన్ని ఖాళీ చేయించి దాన్ని కూల్చేయాల్సి వచ్చింది. ఏలూరు పాత పేటల్లో గోడకు గోడ ఆనుకున్న ఇళ్లే ఎక్కువ. అక్కడ పొడవునా ఒకేసారి గొయ్యి తవ్వకుండా కొంత కొంతగా తవ్వి, ఆ భాగం పూర్తిచేసి, ఆ తర్వాతే పక్క భాగానికి వెళ్లాలి.

స్లాబ్ రోజున

ఇంటి పనిలో ఎక్కువ మంది గుమిగూడే రోజు స్లాబ్ పోసే రోజే. కొబ్బరికాయ కొడతారు, స్వీట్లు పంచుతారు, బంధువులు వస్తారు. యజమాని చూడాల్సింది మాత్రం అంతకు ముందు రోజు సాయంత్రం, సెంట్రింగ్ మీద ఇనుము పరిచాక, ఇంకా కాంక్రీటు పడకముందు.

అప్పుడు చెక్కల మీదకెక్కి వంగి చూడాలి. కింది వరుస ఊచకూ సెంట్రింగ్ షీటుకూ మధ్య ఎంత ఖాళీ ఉంది? స్లాబులో కనీసం 20 మిల్లీమీటర్లు ఉండాలని కాంక్రీటు పనుల భారత ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. బీమ్‌కు 25, పిల్లర్‌కు 40, నేలలోని ఫుటింగ్‌కు 50. ఆ ఖాళీయే తర్వాత కాంక్రీటుతో నిండి ఇనుముకు నీరూ గాలీ తగలకుండా కాపాడుతుంది. దాని కోసం కవర్ బ్లాకులు పెట్టాలి. చాలా చోట్ల బ్లాకులకు బదులు చేతికందిన కంకర రాయో, ఇటుక ముక్కో దోపుతారు. జనం నడిచేసరికి రాయి జారిపోతుంది, ఊచ షీటుకు అంటుకుంటుంది. పదేళ్లకు ఆ చోటే స్లాబు అడుగున పెచ్చు ఊడి, ఎర్రగా తుప్పు పట్టిన ఊచ బయటపడుతుంది. గాలిలో తేమా ఉప్పూ ఉన్న ఈ ప్రాంతంలో ఇంకా ముందే జరగొచ్చు. సిమెంటుతో వేసిన బ్లాకులు నాలుగడుగులకొకటి కాకుండా మూడడుగుల లోపే పెట్టిస్తే ఊచ కుంగదు. బాల్కనీలో ప్రధాన ఊచలు పైవరుసలో ఉండాలన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. కాంక్రీటు పోసేటప్పుడు కూలీల కాళ్ల కింద పడి అవి కిందికి నలిగిపోతాయి. కుర్చీలు అనే ఇనుప ఆధారాలు కింద పెట్టారో లేదో అడగాలి. బాల్కనీ గోడ మొదట్లో బీట వస్తే దాని మూలం చాలాసార్లు అక్కడే ఉంటుంది.

పిల్లర్ రింగుల కొసలు చూడండి. కొక్కెం లంబంగా వంచి వదిలేశారా, లేక 135 డిగ్రీలు తిప్పి పిల్లర్ లోపలికి దింపారా? భూకంపం ఊపినప్పుడు లంబంగా వంచినవి విచ్చుకుంటాయి. రెండో రకానికి ఒక్కో రింగుకు అయ్యే అదనపు ఖర్చు చాలా స్వల్పం.

ఇనుము తూకం చూసుకోవడం కష్టమేమీ కాదు. 12 మిల్లీమీటర్ల ఊచ 12 మీటర్ల పొడవుకు సుమారు 10.66 కిలోలు ఉండాలి. 8 మిల్లీమీటర్లది 4.74, 16 మిల్లీమీటర్లది దాదాపు 19 కిలోలు. కొద్దిగా అటూ ఇటూ అయితే ఫరవాలేదు. కిలో తేడా వచ్చిందంటే ఆ ఊచ చెప్పినంత లావు లేనట్టే.

ఇక పోసే రోజు. మిక్సర్ దగ్గర నీళ్లు పోసే మనిషి మీదే ఆ స్లాబు బలం ఆధారపడి ఉంటుంది. ఎం20 కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు గరిష్ఠంగా 30 లీటర్ల నీళ్లు. అందులో ఇసుకలోని తడి కూడా కలిసే ఉంది. గోదావరి నుంచి తడి ఇసుక వస్తే పోసే నీళ్లు ఇంకా తగ్గించాలి. మధ్యాహ్నమయ్యేసరికి కాంక్రీటు లాగడం బరువై, పైనున్నవాళ్లు ‘ఇంకో బకెట్ పొయ్యరా’ అని అరుస్తారు. ఆ బకెట్టే ప్రాణాంతకం. పలచబడ్డ కాంక్రీటు తేలిగ్గా పారుతుంది, ఆరాక అదనపు నీరు ఆవిరై లోపల సూక్ష్మరంధ్రాలు మిగులుతాయి, అందులోంచే రేపు వాన కారుతుంది. ఆ బకెట్ ఆపగలిగేది పక్కన నిలబడ్డ యజమాని ఒక్కడే. వైబ్రేటర్ ఒకటి చాలు అనకుండా రెండోది సిద్ధంగా పెట్టించాలి, మధ్యలో చెడిపోవడం మామూలే. అదే కాంక్రీటుతో ఆరు క్యూబులు పోయించి, ఏడో రోజున మూడు, 28వ రోజున మూడు ఇంజనీరింగ్ కాలేజీ ల్యాబులోనో, ప్రైవేటు ల్యాబులోనో నలగ్గొట్టిస్తే తమ స్లాబు ఎంత బలంగా ఉందో అంకెల్లో చేతికొస్తుంది. సొంతిల్లు కట్టేవాళ్లలో ఈ పని చేయించేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. ఖర్చు చూస్తే ఒక గది టైల్స్‌కు పెట్టేంత కూడా ఉండదు.

పోసిన మర్నాటి నుంచి స్లాబ్ మీద మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. మామూలు సిమెంటుకు కనీసం ఏడు రోజులు, పీపీసీ, స్లాగ్ సిమెంట్లకు పది రోజులు. మండే ఎండల్లో పద్నాలుగు రోజులు తడిపితే మేలు. స్లాబు నీళ్లు అందరికీ కనిపిస్తాయి గానీ పిల్లర్లను ఎవరూ పట్టించుకోరు. పొద్దున ఒకసారి పైపుతో కొట్టి వదిలేస్తే పది గంటలకల్లా ఎండిపోతాయి. గోనె సంచి చుట్టి తడుపుతూ ఉండాలి. సెంట్రింగ్ విప్పే విషయంలోనూ కాంట్రాక్టరుకు తొందర ఉంటుంది, ఆ షీట్లు మరో ఇంటికి వెళ్లాలి కాబట్టి. నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకు కింది ఊతకర్రలు ఏడు రోజులు, అంతకు మించితే పద్నాలుగు, ఆరు మీటర్లు దాటిన బీమ్‌కు ఇరవై ఒక్క రోజులు ఉండాలి.

ఉప్పునీటి కిరికిరి

ఈ ప్రాంతంలో పని చాలావరకు వేసవిలో మొదలవుతుంది. గోతుల్లో ఊట తక్కువ, వైశాఖంలో ముహూర్తాలు ఎక్కువ. అదే సమయంలో డెల్టా కాలువలు కట్టేస్తారు. కొల్లేటి నీరు తగ్గి, ఉప్పుటేరు మీదుగా సముద్రపు పోటు పైకి ఎగదన్నుతుంది. ఊట బోర్లు ఉప్పగా మారతాయి. దిక్కులేక పక్క చెరువు నీళ్లతోనే కాంక్రీటు కలుపుతారు. ఇనుము వేసే కాంక్రీటుకు వాడే నీటిలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడ్లు ఉండకూడదని ఐఎస్ 456 నిబంధన. ఒక సీసా నీళ్లు ల్యాబుకు పంపితే రెండు మూడు రోజుల్లో ఆ అంకె వస్తుంది. మించితే ట్యాంకరుతో మంచినీళ్లు తెప్పించక తప్పదు. కాలువలు కట్టకముందే సంపు తవ్వించి నింపుకున్నవాళ్లకు ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది. ఇల్లు మొదలయ్యేది సంపుతోనే అయితే మంచిదని ఈ ఊళ్ల అనుభవజ్ఞులైన మేస్త్రీలు చెప్పేది అందుకే.

ఇసుకకూ పరీక్ష ఉంది. గాజు సీసాలో సగం దాకా ఇసుక పోసి, చిటికెడు ఉప్పు కలిపిన నీళ్లు నింపి, గట్టిగా కుదిపి మూడు గంటలు కదపకుండా ఉంచాలి. ఇసుక అడుక్కి దిగి, దాని పైన మెత్తటి ఒండ్రు పొరగా పేరుతుంది. ఆ పొర ఇసుక ఎత్తులో పన్నెండో వంతు దాటితే ఆ లోడు వెనక్కి పంపాలి.

నేలలోని ఉప్పు తేమతో పాటు గోడల్లోకి ఎక్కుతుంది. కైకలూరు, ఆకివీడు వైపు చాలా ఇళ్లలో నేల నుంచి మూడడుగుల దాకా ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలుతుండటానికి కారణం అదే. ప్లింత్ బీమ్ మీద తేమను ఆపే డీపీసీ పొర వేయకుండా గోడ లేపితే ఎన్ని డ్యాంప్‌ప్రూఫ్ రంగులు పూసినా ఆగదు. ఒక గంట పని అది. గోడ లేచాక మాత్రం ఎన్ని గంటలు పెట్టినా సరిగ్గా చేయలేరు.

మాట, కాగితం, మనసు మారడం

లేబర్ కాంట్రాక్టా, మెటీరియల్‌తో సహా ఇచ్చారా అన్నది ఎలా ఉన్నా, చదరపు అడుగు లెక్క ఎలా కడతారో రాసుకోకపోతే గొడవ తప్పదు. ప్లింత్ కొలతా, స్లాబ్ కొలతా? బాల్కనీ సగమా, పూర్తిగానా? సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ అందులోనేనా? మాట మీద నడిచే చోట మంచి మేస్త్రీకీ నష్టమే. పని ముందు డబ్బు వెనుక అన్న వరుస తప్పకూడదు. పునాది పూర్తయ్యాక ఇంత, స్లాబు అయ్యాక ఇంత అని రాసుకోవాలి.

వాస్తు పట్టింపు ఉన్నవాళ్లు ప్లాను కాగితం మీద ఉండగానే పంతుల్ని పిలిపించుకుని అన్నీ మార్పించుకోవడం మేలు. స్లాబు పడ్డాక మెట్లు అటు తిప్పాలి, ఈ పిల్లర్ దారికి అడ్డం అంటే లోపల ఇనుము కోయాల్సి వస్తుంది. పైపుల కోసం బీమ్‌కు చిల్లు పెట్టడం కూడా అలాంటిదే. ప్లంబరూ ఎలక్ట్రీషియనూ స్లాబుకు ముందే వచ్చి తమ గొట్టాలు వేసుకోవాలి. గోడల్లో గాడులు కొట్టి పైపులు పెట్టాక, ప్లాస్టరింగ్ చేయకముందు, టేపు పక్కన పెట్టి ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటే ఇరవై ఏళ్ల తర్వాత మేకు కొట్టేటప్పుడు కూడా పనికొస్తాయి. ఇంట్లో స్త్రీలకు చూపించకుండా వంటింటి ప్లాను ఖరారు చేయడం కూడా మార్పులకు పెద్ద కారణమే. గట్టు ఎత్తు, సింకు చోటు, గ్రైండర్ ప్లగ్గు అన్నీ ముందే తేలాలి.

వరద వచ్చే పేటల్లో మీటరు బోర్డునూ స్విచ్‌లనూ పాత వరద గుర్తుకు పైన పెట్టించాలి. కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్సీసీబీ తప్పనిసరి. సెప్టిక్ ట్యాంకు విషయంలో కొల్లేటి నేల ఇంకా కఠినం. ఊట మూడు నాలుగడుగుల్లోనే ఉన్నప్పుడు ఇంకుడు గొయ్యి ఇంకదు, ఖాళీ ట్యాంకు పైకి తేలిపోతుంది కూడా. అడుగున కాంక్రీటు మందంగా వేసి, గోడలు నీరు దూరకుండా ప్లాస్టరింగ్ చేసి, మూత వరద మట్టానికి పైన ఉండేలా చూసుకోవాలి. బోరుకూ దానికీ కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి. మూడు సెంట్ల స్థలంలో అంత దూరం దొరకదు కనుక ఆ బోరు నీటిని తాగకపోవడమే మంచిది.

చివరి తొందర గృహప్రవేశానిది. మాఘంలో ముహూర్తం కుదిరితే ఇల్లు దానికి తగ్గట్టు పరుగులు తీస్తుంది. తడి ఆరని గోడకు పుట్టీ పడుతుంది, బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ మీద నీళ్లు నిలిపి చూడకుండానే టైల్స్ పడతాయి. కనీసం ఒక రోజంతా నీళ్లు నిలిపి, కింది గది స్లాబు చూశాకే టైల్స్ వేయించాలి. పాలు పొంగించడానికి వంటగదీ దేవుడి గదీ సిద్ధమైతే చాలు, రంగులు తర్వాత వేసుకోవచ్చు. మొత్తం బిల్లులో ఐదు శాతమైనా ఒక వానాకాలం గడిచేదాకా ఉంచుకుంటామని మొదటి కాగితంలోనే రాసుకోవాలి. మొదటి గట్టి వాన పడిన రోజున మేడ మీదికెక్కి నీరు గొట్టాల వైపు పారుతోందో, మూలల్లో మడుగు కడుతోందో చూడాలి. కిటికీ సజ్జల కింద నీరు గోడ వెంట జారుతోందా, ప్రహరీ పక్కన కొత్తగా పోసిన మట్టి ఎంత దిగింది, సెప్టిక్ ట్యాంకులోకి ఊట చేరుతోందా అన్నవి కూడా చూసుకుని, సరిచేయాల్సినవి రాసి మేస్త్రీకిచ్చి, అవి పూర్తయ్యాక ఆ ఐదు శాతం చెల్లించాలి.